అతినీలలోహిత చికిత్స: మన రచనలలో కానరాని మాట

సూర్యుని గూర్చి మన భాషలో రెండు విధములైన రచనలు గలవు. మొదటిది ఆయనను ఆరోగ్యప్రదాతగా కొనియాడునది. మయూరుడు శతకము చెప్పి కుష్ఠు పోగొట్టుకొన్నాడను ఐతిహ్యము, చర్మరోగులు అరసవల్లికి మ్రొక్కుకొని పోవు ఆచారము దీనికి మూలములు. రెండవది నేటి కాలపుది. ఓజోను పొర, చర్మపు కాన్సరు అను మాటలతో మొదలై, గొడుగు మరువవద్దను సలహాతో ముగియును. ఈ రెంటికిని నడుమ మూడవ సంగతి యొకటి గలదు. ఎండలోని కంటికి కనబడని కిరణములతో చర్మవ్యాధులకు చికిత్స చేయుట నూరేండ్లకు పైగా సాగుచున్నది. దానిని గూర్చి తెలుగులో అప్పుడప్పుడు వ్యాసములు వచ్చుచునే యున్నవి. వానిపై నాకు గల ఫిర్యాదు ఒక్కటే. కిరణము పేరు చెప్పుదురు, దీపము పేరు చెప్పుదురు, రోగము పేరు చెప్పుదురు. మోతాదు మాట మాత్రము ఎత్తరు.

మొదట పేరు సంగతి చూతము. 'అతినీలలోహితము' అను పారిభాషిక పదము తప్పు కాదు. సంస్కృతమున 'అతి' యనగా దాటినది అను అర్థము కూడ గలదు. కాని మన పిల్లల చెవికి అతివృష్టి, అతివాగుడు మాత్రమే పరిచయము. కావున వారు దీనిని 'మిక్కిలి ఊదారంగు' అని గ్రహింతురు. 1801లో రిట్టరు వెండి క్లోరైడు పూసిన కాగితముపై వర్ణపటమును పడవేసినపుడు, ఊదారంగుకు ఆవల, ఏ వెలుగును కానరాని చోటనే అది ఎక్కువగా నల్లబడెను. ఈ ప్రయోగమును ఒక్క వాక్యములో చెప్పినను భ్రాంతి తొలగును. చెప్పకపోవుటచే ఏమగుచున్నది? ఆసుపత్రిలో కామెర్లు వచ్చిన పసికందును నీలికాంతి క్రింద పరుండబెట్టినచో, చదువుకొన్నవారు సైతము అవి అతినీలలోహిత కిరణములని చెప్పుచున్నారు. అది కేవలము కంటికి కనబడు నీలికాంతియే. రంగు సీసాలలో నీరు పోసి ఎండబెట్టి త్రాగుమను 'సూర్యచికిత్స' వారికి కూడ ఈ భ్రాంతియే పెట్టుబడి. చర్మముపై పనిచేయు పొట్టి కిరణములలో అధికభాగమును మామూలు గాజు ఆపివేయును. లోనికి వచ్చిన కాస్త వెలుగును నీరు దాచిపెట్టుకొనదు.

ఈ కిరణములన్నియు ఒక జాతివి కావు. తరంగదైర్ఘ్యము 315 నుండి 400 నానోమీటర్ల వరకు 'ఏ' తరగతి, 280 నుండి 315 వరకు 'బి', అంతకు తక్కువ 'సి'. భూమిపై పడు ఎండలో 'సి' తరగతి లేదు. వాయుమండలము దానిని మ్రింగివేయును. 2020లో కరోనా భయముతో జనులు కొన్న క్రిమిసంహారక దీపములు ఆ తరగతివే. వానిని చేతులపై ప్రయోగించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరింపవలసి వచ్చెను.

చరిత్ర చెప్పుటలో కూడ మనవారు తొందరపడుదురు. డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ చర్మమునకు సోకు క్షయను ఆర్కు దీపపు వెలుగుతో నయము చేసి 1903లో నోబెల్ బహుమానము పొందెను. ఇది నిజము. అతినీలలోహిత కిరణములే ఆ పని చేసినవని మనము వ్రాయుచు వచ్చితిమి. ఫిన్సెన్ కూడ అట్లే నమ్మెను. కాని 2005లో డెన్మార్కు పరిశోధకులు ఆయన వాడిన పరికరములను పరీక్షించి చూడగా, ఆ కటకములు 340 నానోమీటర్లకు తక్కువైన కిరణములను దాటనీయలేదని తేలినది. క్షయ క్రిమిలోని పార్ఫిరిన్లు అను వర్ణద్రవ్యములు సుమారు 400 నానోమీటర్ల కాంతిని పీల్చి, క్రిమిని చంపు ఆక్సిజనును పుట్టించి యుండునని వారి నిర్ణయము. నయమైన మాట నిజమే, చెప్పిన కారణము మాత్రము వేరు. మన వాచకములలో చేర్చదగిన పాఠమిది.

ఫిన్సెన్ దీపము నాశ్రయించుటకు కారణము ఆయన ఊరి అక్షాంశము. కోపెన్‌హేగన్ 55 డిగ్రీలకు ఎగువన నున్నది. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నము అక్కడ సూర్యుడు దిగంతమునకు 11 డిగ్రీల ఎత్తు కూడ ఎక్కడు. నిలువుగా పాతిన మీటరు కర్ర నీడ అయిదు మీటర్లకు పైగా సాగును. మన నాగాయలంక 16 డిగ్రీల చేరువ నున్నది. అదే దినమున ఇక్కడ సూర్యుడు 50 డిగ్రీలకు పైగా లేచును. మీటరు కర్ర నీడ సుమారు 82 సెంటీమీటర్లు మాత్రమే. మే 5, ఆగస్టు 8 తేదీల ప్రాంతమున నీడ కాలి క్రిందికి వచ్చును. ఉపాధ్యాయులు దీనిని బడి ఆవరణలోనే కొలిచి చూపవచ్చును. నీడ కర్రకంటె పొట్టిగా నున్నంతసేపు 'బి' తరగతి కిరణములు బలముగా పడుచున్నట్లు లెక్క. అనగా దివిసీమలో ఏడాది పొడవున, మబ్బు లేని ప్రతి మధ్యాహ్నమును, మందు ఉచితముగా లభించుచున్నది. కొలమానము లేని మందు!

ఇక బావంచాల కథ. మన వైద్య గ్రంథములలో బాకుచి అను పేర శ్విత్రమునకు, అనగా బొల్లికి, చెప్పబడినవి ఈ గింజలే. నూరి మచ్చకు పట్టించి ఎండలో కూర్చుండుట పూర్వులు కనిపెట్టిన మార్గము. ఈజిప్టువారు నైలునది దాపున పెరుగు మరియొక మొక్కతో ఇదే పని చేసిరి. 1940 తరువాత దానినుండి వేరుచేసిన సోరలెన్ జాతి పదార్థములను కైరోలో ఎల్ మోఫ్తీ బొల్లికి ప్రయోగించెను. 1974లో అమెరికాలో పారిష్, ఫిట్జ్‌పాట్రిక్, మన దేశమునుండి వెళ్లిన మధుకర్ పాఠక్ మొదలగువారు సోరలెన్ మ్రింగించి, 'ఏ' తరగతి దీపము చూపి సోరియాసిస్‌ను అణచిరి. ఇంతవరకు చెప్పి, అన్నియు మనవద్ద ముందే యున్నవని మన వ్యాసకర్తలు సంతోషించి ముగింతురు. నా అభ్యంతరము ఇక్కడనే. పూర్వుల పరిశీలన గొప్పది, సందేహము లేదు. కాని ప్రమాదమంతయు వ్యాసము ఆగిన చోటినుండి మొదలగుచున్నది.

సోరలెన్ తనంతట తాను చర్మమును కాల్చదు. వెలుగు తగిలినపుడు అది కణములోని డి.ఎన్.ఏ. పోగులకు అంటుకొనును. నిమ్మతొక్కలో కూడ ఈ జాతి పదార్థములు గలవు. నిమ్మకాయలు పిండిన చేతితో ఎండలో తిరిగినవారికి మరునాడో మూడవనాడో చారలు చారలుగా పొక్కుట అందువలననే. ఈ ఆలస్యమే కీలకము. మామూలు ఎండదెబ్బ ఒక్క దినములో ఉచ్చస్థితికి వచ్చును. సోరలెన్ కలిసినపుడు ఎరుపు ముదురుటకు రెండు మూడు దినములు పట్టును. బావంచాలు పూసికొన్న బాలుడు మొదటినాడు మంట లేదని రెండవనాడు మరికొంతసేపు కూర్చుండును. మూడవనాటికి రెండు మోతాదులును కలిసి బొబ్బలై లేచును. బొల్లి గలవారికి చర్మము గాయపడిన చోట క్రొత్త మచ్చ పుట్టు స్వభావము గలదు. మందు వేసిన చోటనే రోగము విస్తరించును. గంటెడు పిండి, పావుగంట ఎండ అని వ్రాయు గృహవైద్యములలో ఏ నెలలో, ఏ గంటలో, ఎవరి చర్మమునకు అను ప్రశ్న లేదు. గింజ గింజకు సోరలెన్ పాలు కూడ మారునని వారికి తోచదు.

ఇప్పటి చికిత్స చాల భాగము సోరలెన్‌ను విడిచి 311 నానోమీటర్ల దీపమునకు మరలినది. 1981లో పారిష్ సోరియాసిస్ మచ్చలపై ఒక్కొక్క తరంగదైర్ఘ్యమును వేరువేరుగా పరీక్షించి, 296కు తక్కువైనవి కాల్చునేగాని నయము చేయవని చూపెను. ఆ కాల్చెడు భాగమును వదలి, పనిచేయు సన్నని పట్టీని మాత్రము ఇచ్చు దీపము వచ్చినది. దానిని చూచి బెదరనక్కరలేదు. మన ఇంటి ట్యూబులైటునకు అది దాయాదియే. లోపల పాదరసపు ఆవిరి, గొట్టము గోడకు పూత. ఆ పూతలోని గడోలినియము పాదరసపు 254 నానోమీటర్ల వెలుగును పీల్చి 311 దగ్గర వెలువరించును. మన దేశపు చర్మమునకు సాధారణముగా చదరపు సెంటీమీటరుకు 250 మిల్లీజౌళ్ల ప్రాంతమున మొదలిడి, మితిమీరిన ఎరుపు రాకుండిన కొలది కొద్దికొద్దిగా పెంతురు. వారమునకు రెండు మూడు పర్యాయములు, వరుస దినములలో కాదు. కండ్లకు రక్షణ తప్పనిసరి. మోతాదు అనగా ఇదియే.

భాష చేసిన అపకారము మరియొకటి గలదు. బొల్లిని 'తెల్లకుష్ఠు' అనుట ఇంకను పోలేదు. బొల్లి అంటురోగము కాదు. రంగునిచ్చు కణములపై శరీరపు రక్షణబలగమే తిరుగబడుటవలన కలుగును. కుష్ఠు క్రిమివలన కలుగును. దానికిని 1982 నుండి బహుళౌషధ చికిత్స గలదు. బొల్లి మచ్చ పాలవలె తెల్లగా నుండి స్పర్శ తెలియును. కుష్ఠుమచ్చ సాధారణముగా వెలిసినట్లుండును గాని పూర్తిగా తెల్లబడదు, స్పర్శ తగ్గియుండును. రోగనిర్ణయము వైద్యుని పని, నిజమే. అయినను పిల్లలు ప్రక్క బెంచీకి జరిగిపోవునప్పుడు ఈ భేదము చెప్పగలవాడు తరగతిలో నుండు ఉపాధ్యాయుడే. ఆడపిల్ల విషయమున ఈ ఒక్క మాటవలన చదువు ఆగును, సంబంధము తప్పును. ఆ తొందరలోనే తల్లిదండ్రులు బావంచాల ముద్దకు దిగుదురు.

దీపము కూడ మహిమ గలది కాదు. ముఖముపై మచ్చలకు బాగుగా పనిచేయును. రోమకూపములనుండి రంగు చుక్కలు చుక్కలుగా తిరిగి వచ్చును. వ్రేళ్లకొనలు, పెదవులు మొండికెత్తును. ఫలితము తెలియుటకు నెలలు పట్టును. ప్రతి దఫా దీపము ముందు నిలుచునది కొన్ని నిమిషములే గాని, నాగాయలంకనుండి మచిలీపట్నమునకో విజయవాడకో వారమునకు మూడుమార్లు పోయి వచ్చువానికి మూడు దినముల కూలి పోవును. చికిత్సను పొగడు వ్యాసములలో ఈ లెక్క ఎక్కడను కనబడదు. చాలమంది నడుమ మానివేయుట ఆశ్చర్యము కాదు.

అందుచేత ఇంటివద్ద వాడు చిన్న దీపములను గూర్చి మనము ఇంకను వ్రాయవలసి యున్నది. 2024లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, సోరియాసిస్ రోగులకు ఇంటివద్ద చికిత్స ఆసుపత్రి చికిత్సకు తీసిపోలేదని తేలినది. బొల్లి సంగతి అంత ఉత్సాహకరము కాదు. బ్రిటన్‌లో 517 మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో, చేతిలో పట్టుకొను 311 దీపమును తొమ్మిది నెలలు వాడగా, మచ్చ బాగుగా తగ్గినదని చెప్పినవారు నూటికి 22 మంది. స్టెరాయిడు లేపనము మాత్రమే వాడినవారిలో 17, రెండును కలిపి వాడినవారిలో 27. వారిని దీపమిచ్చి ఊరకే పంపలేదు. ముందుగా వాడుక నేర్పి, ఏనాడు ఎన్ని సెకండ్లు పెట్టినది వ్రాసికొనుటకు ఒక దినచర్య పుస్తకమును కూడ చేతికిచ్చిరి.