అరచేతికి తెలిసే అరుగుదల

బయటి నుంచి చూస్తే ఆ వెనక టైర్లు ఇంకో ఏడాది నడిచేట్టున్నాయి. గాడుల లోతు 5 మిల్లీమీటర్లకు తగ్గలేదు. కారు లిఫ్టు మీద పైకి లేచాక మేస్త్రీ టార్చిలైటు లోపలి అంచు మీద వేశాడు. అక్కడ రబ్బరు లేదు. ఉక్కు తీగలు మెరుస్తున్నాయి.

నెల్లూరు ఆటోనగర్‌లో ఒక షెడ్డు అది. కారు జర్మనీది, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులున్న రైతుది. టైర్లు వేసి 12,000 కిలోమీటర్లు తిరిగిందంతే. చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. ఆ హద్దు తెలిపే చిన్న గట్లు గాడుల్లోనే ఉంటాయి. లోపలి అంచు మాత్రం నిలబడి చూసే మనిషి కంటికి ఆనదు. ఆ రైతు ఆ టైర్ల మీదనే పిల్లల్ని ఎక్కించుకొని చెన్నై పోయి వచ్చాడట. వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది.

వేగం కోసం చేసిన కార్లకు ఈ జబ్బు పుట్టుకతోనే కొంత ఉంటుంది. మలుపులో బండి బయటి పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగులోనూ టైరు వెడల్పంతా రోడ్డుకు ఆనాలని, చక్రం పైభాగాన్ని ముందే లోపలికి కాస్త వంచి పెడతారు. నెగటివ్ క్యాంబర్ అంటే అదే. కొండ దారిలో అది వరం. మా జిల్లాలో 16వ నంబరు జాతీయ రహదారి చాలా మేర గీత గీసినట్టు పోతుంది. ఆ తిన్నని రోడ్డు మీద గంటల తరబడి బరువంతా లోపలి అంచు మీదే ఎక్కువగా పడుతుంది. పైగా ఈ కారుకు వెనక టైర్లు ముందువాటి కన్నా వెడల్పు. మామూలు కార్లకు చేసినట్టు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అరుగుదలను పంచే వీలు లేదు.

అయినా 12,000 కిలోమీటర్లకే తీగలు తేలాయంటే ఆ నేరం క్యాంబర్ ఒక్కదానిదే కాదని మేస్త్రీ అనుమానం. మిషను జోలికి పోకుండా ముందు అరచెయ్యి పెట్టాడు. నేను ఆ షెడ్డుకు పదేపదే పోయింది ఆ చెయ్యిని చూడ్డానికే.

టైరు మీద అడ్డంగా, లోపలి అంచు నుంచి బయటికి ఒకసారి నిమిరాడు. నున్నగా జారింది. బయటి నుంచి లోపలికి నిమిరాడు. రంపం పళ్ల మీద గుడ్డ లాగినట్టు చెయ్యి ఆగి ఆగి పోయింది. "చూడబ్బయ్యా, టో అవుట్ ఉండాది. క్యాంబర్ మెల్లంగా తింటాది, టో గబగబా తింటాది" అన్నాడు పక్కనున్న కుర్రాడితో. టో అవుట్ అంటే చక్రం ముందుభాగం బయటికి చూస్తూ ఉండడం. అలా ఉంటే, బండి నేరుగా పోతున్నా టైరు తన దారి కాని దారిలో పక్కకు ఈడ్చుకుపోతుంది. ఆ రాపిడికి రబ్బరు పట్టీల్లో ఒక అంచు గుండ్రబడి, రెండోది మొనదేలుతుంది. చెయ్యి ఎటు నిమిరితే పట్టుకుంటుందో దాన్ని బట్టి చక్రం ఏ పక్కకు చూస్తోందో తెలిసిపోతుంది. లోపలి నుంచి బయటికి నిమిరినప్పుడు పట్టుకుంటే అది టో ఇన్, చక్రం లోపలికి చూస్తోందన్నమాట. నడి భాగం అరిగితే గాలి ఎక్కువైనట్టు, రెండంచులూ అరిగితే తక్కువైనట్టు. గుంటలు గుంటలుగా తగిలితే షాకబ్జార్బర్లను అనుమానించాలి. టైరు తను తిరిగిన దారినంతా ఒంటి మీద రాసుకొని వస్తుంది.

తర్వాత కెమెరాల మిషను. నాలుగు చక్రాలకూ పలకలు తగిలించి, కారును కాస్త ముందుకీ వెనక్కీ దొర్లించి లెక్క తీసుకుంటారు. ఎడమ వెనక చక్రానికి టో అవుట్ 15 నిమిషాలని చూపింది. డిగ్రీలో పావు వంతు. కంటికి కనబడే వంకర కాదు. నేను ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాను. పావు డిగ్రీ వంకరకు టైరు కిలోమీటరుకు 4 మీటర్లకు పైగా పక్కకు ఈడ్చుకుపోతుంది. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. అంటే ఒక్క ప్రయాణంలో ఆ టైరును 760 మీటర్ల దాకా రోడ్డు మీద అడ్డంగా రుద్దినట్టు. ఆ అంకె చూశాక గాని ఆ తీగలు ఎందుకు తేలాయో నాకు పూర్తిగా అర్థం కాలేదు.

చాలా చోట్ల ఎలైన్‌మెంట్ అంటే ముందు చక్రాల టో సరిచేసి, స్టీరింగ్ నిలబెట్టి పంపడమే. ఈయన వరస వేరు. బండి చల్లగా ఉన్నప్పుడే గాలి చూస్తాడు. నెల్లూరు ఎండలో పరుగెత్తి వచ్చిన టైరులో గాలి లెక్క పెరిగి కనిపిస్తుంది. చక్రాన్ని పైనా కిందా, కుడీ ఎడమా పట్టి ఊపుతాడు. బుష్‌లలో, టై రాడ్ కొసల్లో ఆట ఉంటే ముందు అవి మార్చాలి. వదులుగా ఉన్నదాన్ని ఎంత కొలిచినా ఆ కొలత షెడ్డు గేటు దాటేదాకా కూడా నిలవదు. కొన్ని కంపెనీలు సీట్లలో బరువు పెట్టి, ట్యాంకు నింపి కొలవమంటాయి. అలాంటి కారు వస్తే 25 కిలోల బియ్యం బస్తాలు మనుషుల చోట కూర్చుంటాయి. ఆ తర్వాత వెనక చక్రాలు, వాటి వెనకే ముందువి. బండి నడక గీతను నిర్ణయించేది వెనక చక్రాలు కాబట్టి, అవి వంకరగా ఉండగా ముందువాటిని దిద్దితే స్టీరింగ్ వంకరగా పట్టుకొని నేరుగా పోవాల్సి వస్తుంది.

అసలు పని ఇక్కడే చిక్కుపడింది. వెనక టో సరిచేసే బోల్టు తిరగలేదు. సముద్రపు గాలి, ఉప్పునీళ్ల చెరువు గట్ల మీద తిరుగుడు. సస్పెన్షన్‌లోని అల్యూమినియం చేతిలో ఉక్కు బోల్టు, రెంటి మధ్యా ఉప్పు తడి. ఆ తడికి అల్యూమినియం తినుకుపోయి, బూడిద రంగు పొక్కుతో రెండు లోహాలూ కరుచుకుపోతాయి. మైపాడు, ముత్తుకూరు పక్కల నుంచి వచ్చే బళ్లలో ఇది మామూలే. గ్యాస్ మంట పెడితే ఐదు నిమిషాల్లో వదులుతుంది, దాంతోపాటు పక్కనున్న రబ్బరు బుష్ కాలిపోతుంది. మేస్త్రీ మంట పెట్టలేదు. తీగ బ్రష్‌తో తోమి, బోల్టు తల ఉన్న చోట సుద్దతో గుర్తు గీసి, తుప్పు విడిపించే నూనె కొట్టి, "రేపు రాండన్నా" అన్నాడు. రైతు నొచ్చుకున్నాడు. మేస్త్రీ ఇంకో మాట మాట్లాడకుండా చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున సుత్తితో చిన్నగా తట్టి, స్పానర్‌తో వెంట్రుకవాసి ముందుకు, అంతే వెనక్కి. మళ్లీ నూనె. మళ్లీ వెంట్రుకవాసి. బలం పెట్టి ఉంటే తల తెగేది. ముప్పావుగంటకు బోల్టు కిర్రుమంది. దాన్ని తీసేసి కొత్తదానికి కరుచుకోని గ్రీజు పూసి ఎక్కించాడు. చివరి బిగింపు మాత్రం కారు తన చక్రాల మీద తాను నిలబడ్డాకే. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దిగాక రబ్బరు బుష్ మెలిపడి, ఆ మెలికలోనే బతికి త్వరగా చిట్లుతుంది. అంత ఓపిగ్గా పని చేసే చేతులను చూస్తే నాకు దండం పెట్టబుద్ధవుతుంది.

క్యాంబర్ దగ్గర చిన్న వాదన జరిగింది. రైతు కొడుకు కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేయించాడు. ఈ కార్ల వెనక సస్పెన్షన్‌లో ఎత్తు తగ్గేకొద్దీ చక్రం లోపలికి ఇంకా వంగుతుంది, టో కూడా కదులుతుంది. రైతు క్యాంబర్‌ను పూర్తిగా సున్నాకు తెమ్మన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "టైరు మిగుల్తాదన్నా. వానలో మలుపు తిరిగేటప్పుడు ఎనక జారితే ఏం జేస్తావు?" అని అడిగి, కంపెనీ ఇచ్చిన హద్దుల్లోనే తక్కువ వంపు వైపు నిలిపాడు. ఆ స్ప్రింగులు తీసేయమని కొడుక్కి విడిగా చెప్పాడు.

టైరు సంగతి ఎంత దూరం పోతుందో 2005 ఫార్ములా వన్ చూసినవాళ్లకు తెలుసు. ఆ ఏడాది రేసు మధ్యలో టైర్లు మార్చకూడదని నియమం. నూర్‌బర్గ్‌రింగ్‌లో కిమి రైకోనెన్ టైరు ఒక చోట చదునుగా అరిగి, ఆ అదురుకు చివరి ల్యాపులో సస్పెన్షనే విరిగిపోయింది, గెలుస్తున్న రేసు చేజారింది. తర్వాతి నెల ఇండియానాపొలిస్‌లో, ఏటవాలు మలుపు ఒత్తిడికి మిషెలిన్ టైర్లు నిలవవన్న భయంతో 14 కార్లు రేసు మొదలవకముందే తప్పుకున్నాయి. మిగిలిన 6 కార్లలో నాలుగోవాడుగా వచ్చింది మన దేశపు నరైన్ కార్తికేయన్. ఆ రేసు సంగతి చెప్పినప్పుడు మేస్త్రీ శ్రద్ధగా విని, "ఆ మలుపు వాలు ఎన్ని డిగ్రీలన్నా?" అని ఒక్క ప్రశ్న అడిగాడు. సుమారు 9 డిగ్రీలని చెప్పాను. అరచేతిని గాల్లో అంత వాలుగా పట్టి కాసేపు చూసుకున్నాడు.

నెల తర్వాత కొత్త టైర్లతో కారు మళ్లీ వచ్చింది. మిషను కాగితం రైతు చేతిలోనే ఉంది, మేస్త్రీ అడగలేదు. ఎడమ వెనక చక్రం దగ్గర గొంతుక్కూచొని కుర్రాణ్ణి పిలిచి, వాడి చెయ్యి పట్టి టైరు మీద ఆనించాడు.

"ఇటు పోనీ. ఇప్పుడు అటు. ఏమన్నా పట్టిందా?"

"లేదన్నా."

"కండ్లు మూసుకొని ఇంకోసారి చూడు."