సఫా కొండ మీది ప్రశ్న

అల్తాఫ్ హుసేన్ హాలీ 1879లో వెలువరించిన ఉర్దూ కావ్యం 'ముసద్దస్'‌ను ముస్లింల గతవైభవానికి విలాపంగానే చాలామంది చదువుతారు. నాకు మాత్రం ప్రవక్త ముహమ్మద్ ఘట్టమే దాని ప్రాణమనిపిస్తుంది.

అక్కడ మహిమలకు పెద్దపీట లేదు. పేదలకు ఆసరాగా, అనాథలకు అండగా, కీడు చేసినవాణ్ణి క్షమించే మనిషిగా కనిపిస్తారాయన. సఫా కొండెక్కి మక్కావాసులను ముందుగా అడిగింది, తనను సత్యవంతుడిగా ఎంచుతారా, అబద్ధీకుడిగానా అని. పరపతి ముందు, ప్రబోధం తర్వాత! బ్యాంకు ఉద్యోగిని కనుక ఈ వరుస నాకు వెంటనే తట్టింది. 622లో మదీనాకు తరలుతూ, తనను చంపజూసిన ఊరివారు దాచుకున్న సొమ్ములు అప్పగించేందుకు ఆయన అలీని మక్కాలో ఉంచారని ప్రవక్త చరిత్రలు చెబుతాయి.

ఖురాన్ (33:21) ఆయన్ను విశ్వాసులకు ఆదర్శంగా నిలిపింది. ఆ నడవడికే సున్నత్. (తెలుగులో 'సుంతీ'గా ఇరుకైపోయిన మాట ఇదే.) గడ్డం, మిస్వాక్ పుల్ల అందులోవే, ముస్లింను గుర్తుపట్టించేవి అవి. అమానత్ తిరిగివ్వడమూ అందులోదే, కాని అది పైకి కనిపించదు. హాలీ చూపింది ఈ కనిపించనిదాన్ని.

అయితే దుఃఖం ముదిరేకొద్దీ ఆ మనిషి వెనక్కి జరిగి, బాగ్దాదు, కార్డోవాల ఘనత ముందుకొస్తుంది. కావ్యం అక్కడ పలచబడింది.