చీటీ మీద లేని పాట

పక్కింటి పిల్లవాడు ఈ వారం ఒక ఫొటో తెచ్చాడు. ఎండుటాకు రంగు పురుగు, రెక్కల నిండా ఆకు ఈనెల్లాంటి గీతలు. "తాతయ్యా, ఇది మిడతంట. ఫోన్ చెప్పింది" అన్నాడు. నాకు కోపమొచ్చింది, వాడి మీద కాదు. ఒంటికన్నా పొడవైన మీసాలు ఫొటోలో స్పష్టంగా కనిపిస్తున్నాయి. మిడతకి మీసాలు పొట్టి. వెనక గుడ్లు పెట్టే పొడుగాటి కత్తి ఉంది, అంటే ఆడది. చక్కటి కళ్లున్న పిల్లల చేత చూడటం మాన్పించేస్తున్నాం.

బొమ్మ గీయనివాడు చూడనట్టేనని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో పాఠకులకు తెలుసు. ఆ పట్టుదల డిగ్రీలో మా జువాలజీ మాస్టారు పెట్టింది. ఆయన పురుగుల పెట్టె తెరిస్తే గదంతా కలరా ఉండల వాసన. అందులో ఈ ఫొటోలోలాంటి పురుగే ఒకటి ఉండేది. దాని పేరున్న చీటీని వేలితో మూసి ముందు గీయమనేవారు. పాదంలో కణుపులు లెక్కపెట్టమనేవారు: నాలుగుంటే ఆ పురుగు కుటుంబం, మూడైతే కీచురాయో మిడతో. చెవి ఎక్కడుందో వెతకమనేవారు. అది ముంగాళ్లలో, మోకాలి కింద ఉంటుంది. ఎడమ రెక్క కుడిదాని మీదికి వచ్చిందా అని అడిగేవారు. కీచురాళ్లలో సాధారణంగా కుడిదే పైన. ఇవన్నీ అయ్యాకే వేలు తీసేవారు: మెకోపోడా ఎలాంగాటా. జాతికి పేరు పెట్టింది లినేయస్, 1758లో. మెకోపోడా అనే ప్రజాతిని సెర్విల్ 1831లో ఏర్పరిచాడు.

అంత శ్రద్ధగా చూసినా ఈ పురుగు దగ్గర చూపు చాలదు. పచ్చగా ఉన్నా గోధుమరంగులో ఉన్నా జాతి ఒకటే కావచ్చు. అచ్చం ఒకేలా ఉన్నా వేరు కావచ్చు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి వివేక్ నిత్యానంద, రోహిణీ బాలకృష్ణన్ 2006లో ప్రచురించిన పరిశోధన ఈ మాటే చెప్పింది. దక్షిణ భారతంలో, రూపంలో తేడా పట్టలేని మెకోపోడాల్లో అయిదు రకాల పాటలు దొరికాయి. ఒకదానికి 'హెలికాప్టర్', ఇంకొకదానికి 'ట్రైన్' అని పేర్లు పెట్టారు. రెక్కలు రాసి పాడేది మగది. ఆ పాటని బట్టే ఆడది జతగాణ్ని వెతుక్కుంటుంది. పాటలు కలవనివి జతకట్టకపోతే, ఒకే పేరు కింద చాలా జాతులు ఉన్నట్టే.

మాస్టారి పెట్టెలోది ఏ పాట పాడిందో ఇక ఎవరూ చెప్పలేరు. చీటీ మీద ఊరూ తేదీ ఉన్నాయి, పాట లేదు. ఫొటోలోది ఆడది, అసలు పాడదు. ఏ పాట వైపు నడుస్తుందో చూస్తేనే తెలియాలి. అందుకే ఫోన్ పక్కన పడెయ్యమని పిల్లవాడికి చెప్పలేదు. చీకటిపడ్డాక పొదల దగ్గర నిలబడి పాట రికార్డు చేయమన్నాను, పాడుతున్నదాన్నే పట్టి బొమ్మ గీయమన్నాను. వేడిని బట్టి పాట వేగం మారుతుంది కాబట్టి, ఆ రాత్రి ఎన్ని డిగ్రీలుందో కూడా పక్కన రాయాలి.