బెంథామ్–హుకర్ వర్గీకరణ: ఒక విమర్శ

వినాయక చవితికి అమీర్‌పేట, పంజాగుట్ట రోడ్ల పక్కన అమ్మే పత్రిలో గన్నేరు, జిల్లేడు ఆకులు మీరు చూసే ఉంటారు. పూజలో కలిసే ఈ రెండింటినీ బెంథామ్, హుకర్ తమ ‘జెనీరా ప్లాంటారమ్’ (1862–1883)లో వేర్వేరు కుటుంబాల్లో ఉంచారు. జిల్లేడులో పుప్పొడి ముద్దలుగా ఉండటం ఇందుకు ముఖ్య ఆధారం. పరిశీలన సరైనదే, విభజన నిలవలేదు. జిల్లేడు కుటుంబం గన్నేరు కుటుంబంలో నుంచే చీలిన శాఖ అని డి.ఎన్.ఏ. ఆధారాలు చూపాయి. 1998లో ఏ.పీ.జీ. పద్ధతి రెండింటినీ అపోసైనేసిగా కలిపింది.

హుకర్ డార్విన్‌కు ఆప్తమిత్రుడే. అయినా పరిణామ బంధుత్వం ఈ వర్గీకరణకు ప్రాతిపదిక కాలేదు. మొక్కను గుర్తించడానికి ఇది నేటికీ ఉపయోగపడుతుంది. బంధుత్వం తేల్చడానికి చాలదు. అందువల్ల కుటుంబాల పట్టికను కంఠస్థం చేసి ఆగకండి. ఏ లక్షణం ఆధారంగా విడదీశారో ప్రశ్నించండి.