తాళం తప్పని తీగ

గాయకుడు ఘంటసాల 1922లో పుట్టిన చౌటపల్లి గుడివాడకు దగ్గరే. ఆయన రోజుల్లో సినిమా పాటకు మద్రాసే దిక్కు. ఇప్పుడు గుడివాడలోనో బందరులోనో ఓ గదిలో ఫ్యాను ఆపి, తలుపేసి, కూచిపూడి నాట్యానికి పాట కట్టేయొచ్చు. ఆ పనితనమంటే నాకెంతో గౌరవం.

ట్యాబ్లెట్ తెర మీద వేలితో మృదంగం జతి తడితే, ఆ తాకిడి మిడి (డిజిటల్ సంగీత) సంకేతంగా మారి కేబుల్ గుండా కంప్యూటర్‌కు చేరి ట్రాక్‌లో పడుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెడితే శబ్దం వెనకబడి తాళం జారుతుంది. అందుకే తీగే నయం. 48,000 హెర్ట్జ్ దగ్గర, కంప్యూటర్ శబ్దాన్ని కాస్త నిలిపి పంపే బఫర్‌ను 128 శాంపిళ్లకు దించితే, దానివల్ల వచ్చే ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే. మరీ దించితే చిటపటలు. ఎక్కడ ఆపాలో చెవే చెప్పాలి. నట్టువాంగం తాళాల మోత గాయని గొంతును మింగకుండా చూడటం మరీ కష్టం, అసలు నేర్పంతా అక్కడే ఉంది.

రేపు అవనిగడ్డలో ప్రదర్శన అంటే, రాత్రికే పెన్‌డ్రైవ్‌లో పాట సిద్ధం. రెండు కాపీలు.