చేతిపని, అతుకుపని

మా ఇంట్లో టేకు బల్ల మీద పండగలకు మాత్రమే పరిచే లేసు గుడ్డ ఒకటుంది. మా పెద్దమ్మ అల్లింది. అడ్డం పన్నెండు, నిలువు పన్నెండు, మొత్తం 144 పువ్వులు. నాలుగేసి పువ్వులు ఆనుకున్న చోట మిగిలే సందులో ఒక్కో చుక్క, అలా 121 చుక్కలు. చుట్టూ మూడు వేళ్ల వెడల్పు అంచు. తెల్లటి నూలు ఇన్నేళ్లకు పాలమీగడ రంగులోకి తిరిగింది.

మా నరసాపురంలో ఇలాంటి గుడ్డ ఉండటం వింత కాదు. ఇటు పాలకొల్లు, మొగల్తూరు వైపు వెళ్లినా, వశిష్ఠ రేవు దాటి అటు సఖినేటిపల్లి, రాజోలు వైపు వెళ్లినా లేసు చెయ్యి తిరిగిన ఆడవాళ్లు ఉంటారు. వింత నా సంగతే. ఇంత పనితనం కళ్లెదుట పరుచుకుని ఉన్నా, దాన్ని 'పని' అనుకోవడానికి నాకు ముప్ఫయ్యేళ్లు పైగా పట్టింది.

ముందు గుడ్డ సంగతి చెబుతాను. ఒక పువ్వును పట్టుకుని మధ్య నుంచి చూస్తూ రండి. ఎనిమిది గొలుసు కుట్లను కలిపిన చిన్న వలయం, కందిగింజంత. ఆ వలయంలోంచి బయటికి లేచిన పదహారు పొడుగు కుట్లు. వాటి మీద ఒకటి విడిచి ఒకటిగా ఎనిమిది వంపులు, ఒక్కో వంపు ఐదు గొలుసు కుట్లు. ఆ వంపులను ఏడేసి కుట్లతో నింపితే ఎనిమిది రేకులు. రేకుల చుట్టూ మళ్లీ పదహారు వంపుల జాలీ. అన్నీ కలిపితే పువ్వుకు 224 కుట్లు వచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. చుక్కలతో కలిపితే గుడ్డ మొత్తానికి, అంచు కాకుండానే, 37 వేలు దాటాయి. పువ్వుకు ఇరవై నిమిషాలు, చుక్కకు ఎనిమిది నిమిషాలు అని పెద్దమ్మ చెప్పింది. గుణిస్తే అరవై నాలుగు గంటలు. ఇది చెయ్యి బాగా తిరిగిన మనిషి వేగం.

కుట్ల సంఖ్య కన్నా నన్ను ఆపేసింది వాటి సమానత్వం. గుండ్రటి అల్లిక బల్లపరుపుగా పడుకోవాలంటే వరస వరసకీ కుట్లు ఒక లెక్కలో పెరగాలి. నిండుగా అల్లేటప్పుడు మొదటి వరసలో పన్నెండు పొడుగు కుట్లు ఉంటే తర్వాత ఇరవై నాలుగు, ఆ తర్వాత ముప్ఫయ్యారు. పెంపు తగ్గితే అల్లిక కొబ్బరిచిప్పలా ముడుచుకుంటుంది, మించితే అంచు కుచ్చిళ్లు పోతుంది. అదొక్కటే అయితే కాగితం మీద రాసుకోవచ్చు. రాసుకోలేనిది దారం బిగువు. ఎడమచేతి చిటికెన వేలికి ఒక చుట్టు తిప్పి చూపుడు వేలి మీదుగా దారం వదులుతారు. కుడిచేతిలో కొక్కెం సూది. ఎంత దారం వదలాలో ఆ చిటికెన వేలే చూసుకుంటుంది. పొద్దున్న అల్లిన పువ్వు, సాయంత్రం అలసిపోయాక అల్లిన పువ్వు, ఎండాకాలం చెమట చేతులతో అల్లింది, ముసురులో తడి దారంతో అల్లింది, అన్నీ ఒకే కొలతకు రావాలి. రాకపోతే అతుకుపని దగ్గర బయటపడుతుంది.

అతుకుపని ఈ ఊరి మాటే. విడి పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలిపి గుడ్డ చేయడం అతుకుపని. చాలాసార్లు రెండూ ఒకరే చేయరు. ఒక వీధిలో నలుగురు పువ్వులు అల్లుతారు, ఇంకో ఊళ్లో ఇంకొకరు అతుకుతారు. నాలుగు చేతుల బిగువులు నాలుగు రకాలుగా ఉంటాయి కదా. అతికే మనిషి ఒక్కో పువ్వునీ వేలితో ఒత్తి చూసి, బిగువుగా ఉన్నదాని పక్కన కాస్త వదులుది పెట్టి, జాలీ వంపులో ఒక గొలుసు కలిపో తగ్గించో సర్దుతుంది. మంచి అతుకుపని కంటికి కనపడదు. గుడ్డను తిరగేసి దీపానికి పట్టి చూస్తే తప్ప ఏ పువ్వు ఎవరి చేతిదో పోల్చలేం. ఆ తర్వాత ఉతికి, గంజి పెట్టి, గుండుసూదులతో చదరంగా లాగి ఆరబెడతారు. అప్పటికి అది ఎవరి చేతిదీ కాని వస్తువు అయిపోతుంది.

ఒకసారి ఆ గుడ్డ మేకుకు పట్టుకుని ఒక పువ్వు తెగింది. పెద్దమ్మకు చూపు తగ్గింది, అడగబుద్ధి కాలేదు. నేనే కూర్చున్నాను. తెగిన పువ్వు దారం లాగితే అది వెనక్కి వెనక్కి, వరస తర్వాత వరస విడిపోయి చివరికి ఆ కందిగింజంత వలయం కూడా ఒట్టి దారమై చేతికొచ్చింది. తిరిగి అల్లడానికి ఒక మధ్యాహ్నం పూర్తిగా పట్టింది. మొదటిసారి చిప్పలా వచ్చింది. రెండోసారి రేకులు ఎనిమిదికి తొమ్మిది లేచాయి. నాలుగోసారికి పువ్వు అనదగినది వచ్చింది, కానీ పక్కవాటికన్నా గోరంత పెద్దది. మెడ పట్టేసింది, చూపుడు వేలి మీద దారం కోసిన గీత రెండు రోజులు ఉంది. ఇరవై నిమిషాల పని. ఇలాంటివి ఇంకో 143.

నా అభిప్రాయం మారింది ఆ మధ్యాహ్నమే. అంతకుముందు నాకు తెలియక కాదు. కావలసినంత తెలుసు.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర ఈ ప్రాంతానికి వచ్చి, లేసు అల్లేవాళ్ల ఇళ్లలో కూర్చుని, వాళ్ల గంటలూ పైసలూ లెక్కరాసి పుస్తకం వేసింది. 1982లో వచ్చిన ఆ పుస్తకం పేరులోనే నరసాపురం ఉంది, ప్రపంచ మార్కెట్టు కోసం సరుకు తీసే ఇల్లాళ్లు అన్న మాటా ఉంది. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు మీద కూర్చుంటారని, అయినా పొలం కూలికి వెళ్లే ఆడమనిషికి వచ్చినంత కూడా వీళ్లకు రాదని ఆమె తేల్చింది. అన్నిటికన్నా బరువైన సంగతి ఒకటి ఉంది. ఆ అల్లేవాళ్లలో చాలామంది తాము పనిచేస్తున్నామని అనుకోవడం లేదు. ఇంటిపట్టున ఉన్నాం, తీరిక వేళ ఏదో అల్లుతున్నాం, అంతే అనుకుంటున్నారు. కష్టజీవిని ఇలా 'ఊరికే ఇంట్లో ఉన్న మనిషి'గా లెక్కవేయడాన్ని మీస్ గృహిణీకరణ అంది. ప్రపంచంలో ఆడవాళ్ల శ్రమ గురించి మాట్లాడేవాళ్లు ఆ మాటను ఇప్పటికీ వాడుతున్నారు. అది పుట్టింది మన అరుగుల మీద.

కాలేజీ రోజుల్లో ఆ పుస్తకం చదివాను. అంకెలు నమ్మాను. వాదనకు తలూపాను. ఇంటికి వచ్చి పెద్దమ్మ చేతిలో సూది చూసి, 'పాపం, ఏదో కాలక్షేపం' అనే అనుకున్నాను. పుస్తకంలో ఉన్నది ఎవరో ఇతరులు. మా అరుగు మీద ఉన్నది మా పెద్దమ్మ.

ఎందుకలా జరిగిందో తర్వాత ఆలోచిస్తే, లేసు గురించి నా అభిప్రాయం నాకు ఏడేళ్లప్పుడే స్థిరపడిపోయిందని తోచింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చేరేవారు. కబుర్లు, ఒకరినొకరు ఆటపట్టించడం, నవ్వు. నేను పెద్దమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకుంటే దారం ఉండ నా చెవి పక్కనే చిన్నగా దొర్లేది. నా జీవితంలో అంత నిశ్చింతగా నిద్రపోయిన చోటు ఇంకొకటి లేదు. లేసు అంటే నాకు ఆ నిద్ర. ఆ నిద్రను ఏ అంకె లేపుతుంది? ఒకరి సుఖానికీ భద్రతకూ ముడిపడిన అభిప్రాయం మీద సాక్ష్యాలు పోగేస్తే, అవి పక్కన పోగవుతాయి తప్ప దాన్ని కదపవు. నేను ఆ నవ్వు చూశాను, చేతులు చూడలేదు. చేతులు ఆగలేదన్నది గుర్తే లేదు.

ఇందులో పనితనం పాత్ర కూడా ఉంది. ఇది నా సొంత ఊహ, అయినా గట్టిగానే నమ్ముతున్నాను. బాబిన్‌లతో అల్లే లేసు వేరే రకం. దిండు మీద డజన్ల కొద్దీ చిన్న కర్రముక్కలకు దారాలు వేలాడుతుంటాయి, మధ్యలో లేస్తే చిక్కుపడే భయం. మన కొక్కెం సూది అల్లికలో ఎప్పుడు చూసినా పూర్తికాని కుట్టు ఒక్కటే ఉంటుంది. మిగతా వేల కుట్లూ ముగిసిపోయినవే. అన్నం పొంగినా, పిల్లాడు ఏడ్చినా, కుళాయి వచ్చినా ఆ ఒక్క ముడిని కాస్త పొడుగు లాగి వదిలి లేవొచ్చు, వచ్చి అక్కడే అందుకోవచ్చు. చెయ్యి తిరిగాక కళ్లు కూడా అక్కర్లేదు, నోరు ఖాళీయే. ఇంటి పనుల సందుల్లో ఇంత చక్కగా ఒదిగే పని మరొకటి లేదు. అంత బాగా ఒదిగింది కాబట్టే అది పనిలా కనపడటం మానేసింది. ఎప్పుడైనా ఆపగలిగేదాన్ని మనం కష్టం అనం.

అల్లేవాళ్ల అభిప్రాయం వెనకా అనుభవమే ఉంది. దాన్ని అమాయకత్వం అనడానికి నాకు నోరు రాదు. ఈ లేసు మొదట మిషనరీల ద్వారా వచ్చింది. 1836లో బౌడెన్, బీర్ అనే ఇంగ్లీషు మిషనరీలు గోదావరి సీమకు వచ్చారు. లేసు విషయంలో మాత్రం 1844లో స్కాట్లండు నుంచి వచ్చిన మక్రే దంపతుల పేరు చెప్పుకుంటారు. మొదట నేర్చుకున్నది మతం పుచ్చుకున్న బీద ఆడవాళ్లు. తర్వాత వ్యాపారం పెరిగేకొద్దీ పొలానికి పోవడం నామోషీ అనుకునే కాపు కుటుంబాల ఆడవాళ్లకూ పాకింది. మోకాలి లోతు బురదలో రోజంతా వంగి నాట్లు వేసిన ఆడమనిషిని చూసినవాళ్లకు, మేస్త్రీ కేక విన్నవాళ్లకు, నీడపట్టున కూర్చుని నాలుగు పైసలు తెచ్చుకోవడం గౌరవంగానే తోస్తుంది. 'మా ఆడవాళ్లు బయటికి వెళ్లరు' అన్న మాటలో ఇంటి పరువు ఉంది. ఆ పరువు నిలవాలంటే లేసు పని కాకూడదు, తీరిక కావాలి. సరుకు కొని సీమలకు పంపే వ్యాపారం మాత్రం మగవాళ్ల చేతిలోకి పోయింది. వాళ్లది వృత్తి, వీళ్లది కాలక్షేపం.

ఇదే సూది, ఇదే కుట్టు ఐర్లండులో ఇంకో అభిప్రాయం పుట్టించింది. అక్కడ 1845 నుంచి బంగాళదుంప పంట కుళ్లి ఘోర కరువు వచ్చినప్పుడు, సన్యాసినులూ చర్చి పెద్దల భార్యలూ బీద ఆడపిల్లలకు ఈ అల్లిక నేర్పారు. మొనగన్ జిల్లా క్లోన్స్ ఊళ్లో 1847లో కసాండ్రా హ్యాండ్ అనే ఆమె మొదలుపెట్టిన అల్లిక ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధమైంది. అక్కడా విడి పువ్వులు ఇళ్లలో అల్లేవారు, తర్వాత కలిపేవారు. సరిగ్గా మన చేతిపని, అతుకుపని. కానీ ఆ దేశంలో లేసు అంటే కరువులో ప్రాణం నిలిపినది, అద్దె కట్టినది, అమెరికా ఓడకు టిక్కెట్టు కొన్నది. ఆకలితో ముడిపడిన జ్ఞాపకం కాబట్టి దాన్ని ఎవరూ కాలక్షేపం అనలేదు. కుట్టులో తేడా లేదు. ఏ అనుభూతి పక్కన అల్లారన్నదే తేడా.

పేరు లేకపోవడం కూడా లేసుకే జరిగింది. ఒకప్పుడు నరసాపురం పక్కనే మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లు వర్తక స్థావరం పెట్టుకుని ఇక్కడి మెత్తటి నూలుబట్ట కొనేవారు. ఊరి పేరు వాళ్ల నోట్లో నలిగి మాడపొల్లం అయింది, ఆ రకం బట్టకే యూరపులో అదే పేరు స్థిరపడింది. లేసుకు అలాంటి యోగం పట్టలేదు. ఎన్నో తరాలపాటు బల్లగుడ్డలుగా, దిండు గలేబులుగా పరాయి దేశాల ఇళ్లకు వెళ్లింది, ఊరి పేరు లేకుండానే. కొన్నవాళ్లలో ఎందరో తమ మామ్మల ఇంటి జ్ఞాపకం కోసమే కొని ఉంటారు. ఇంకొకరి మామ్మ కళ్లు అందులో కరిగాయని వాళ్లకు ఎవరు చెప్పాలి? తర్వాత నరసాపురం దగ్గరి రుస్తుంబాదలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం లేసు అల్లికలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక ఈ ఊరి పేరుతో ఈ ఊరి చేతిపనినే అమ్మాలి. ఆ వార్త చదివి నేను నిజంగా పొంగిపోయాను. యంత్రం మీద చౌకగా వచ్చే నకలు లేసు ముందు నిలబడటానికి పేరొక్కటే చాలదని తెలుసు. ఈ కుట్టును ఉన్నదున్నట్టుగా వేయగల యంత్రం బజారులోకి ఇంకా రాలేదు. యంత్రం చూపుకు మాత్రమే దీన్ని అనుకరిస్తుంది. వేలితో తడిమితే తేడా తెలిసిపోతుంది. తడిమి చూసే అలవాటు కొనేవాళ్లకు ఎలా నేర్పాలో నాకు తోచడం లేదు.

మొన్న సంక్రాంతికి గుడ్డ పరిచాం. పెద్దమ్మను తీసుకొచ్చి బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమెకు ఇప్పుడు వెలుగు, నీడ తప్ప పెద్దగా కనపడవు. అరచేయి గుడ్డ మీద ఆనించి, నేల అలికినట్టు మెల్లగా తిప్పుకుంటూ పోయింది. మూడో వరస చివరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. చూపుడు వేలితో ఒక పువ్వు అంచు చుట్టూ తిరిగి, రేకులు లెక్కపెట్టి, మధ్యలో ఒత్తి చూసింది.

'ఏరా అబ్బాయ్, ఇది నీ చెయ్యేనా?' అంది. అవునన్నాను. 'దారం బాగా వదిలేశావు' అని నా ఎడమచెయ్యి అందుకుని, చిటికెన వేలు విడదీసి పట్టుకుంది.