కొండకో మాట, కడలికో మాట

ఇంగ్లీషులో ‘చాలా పెద్దది’ అనడానికి ఇరవై మాటలకు తక్కువ లేవు. ఏది వాడినా ఒకటేలే అనుకునేవాళ్లను అండమాన్‌లోని హోప్ టౌన్‌కి తీసుకెళ్లి ఒక్క పూట నిలబెట్టాలి. ఎదురుగా సముద్రం, వెనక మౌంట్ హారియట్. 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారుగానీ నా నోట పాత పేరే ఆడుతుంది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ ఈ చుట్టుపక్కల దృశ్యమే. ఆ సముద్రం వాస్ట్, అనుమానం లేదు. కొండ మాత్రం వాస్ట్ కాదు, కొలోసల్ అసలే కాదు. దాని ఎత్తు నాలుగు వందల మీటర్లు కూడా లేదు. ఇంపోజింగ్ అంటే ఒప్పుకుంటాను. ఆ మాట కొండ కొలత చెప్పదు, చూసేవాడి మీద కొండ పెత్తనం చెబుతుంది.

అడవిలోకి వెళ్తే ఇంకా తేటగా తెలుస్తుంది. గర్జన్ చెట్టు కొమ్మ లేకుండా నిటారుగా పోయి ఎక్కడో పైన గొడుగు విప్పుతుంది, దానికి టవరింగ్ అన్న మాట అతికినట్టుంటుంది. పడాక్ చెట్టు మొదలు దగ్గర నిలబడండి. వేళ్లు నేలమీదే గోడల్లా లేచి ఉంటాయి. ఆ గోడ ఒకదాన్ని కోస్తే అతుకు లేకుండా భోజనాల బల్ల పైపలక వస్తుంది. అదీ మాసివ్ అంటే. బరువు, దట్టం, కదలనితనం, ఈ మూడూ ఉంటేనే ఆ మాటకు అర్హత. ఎత్తుకు ఒకటి, బరువుకు ఒకటి, పరపుకు ఒకటి అని ఇంగ్లీషువాడు శ్రద్ధగా పంచిపెట్టుకున్న ఆస్తి ఇది. వాడి మీద ఎన్ని కోపాలున్నా ఈ విషయంలో దణ్ణం పెట్టాలి.

కోపాలంటే గుర్తొచ్చింది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఈ కొండెక్కి సూర్యాస్తమయం చూసి దిగాడు. హోప్ టౌన్ జెట్టీ దగ్గర షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. దొరల లెక్కలో అది ఎనార్మిటీ. ఎనార్మస్ నుంచి వచ్చిన మాటే కదా అని ‘పెద్దతనం’ అనే అర్థంలో వాడితే పరువు పోతుంది. దానర్థం ఘోరం. అడ్డూ అదుపూ దాటినదేదైనా లాటిన్‌లో ఆ మూలం కిందికే వస్తుంది, అది పరిమాణమైనా పాపమైనా సరే.

మిగతావాటి పుట్టుకల్ని గబగబా చెప్పేస్తాను. ఇమ్మెన్స్ అంటే కొలవనిది. కొలోసల్ రోడ్స్ దీవిలోని మహావిగ్రహం పేరుతో ముడిపడ్డది, కాబట్టి మనిషి నిలబెట్టిన కట్టడాలకు నప్పుతుంది. గార్గాంట్యువన్ ఫ్రెంచి రచయిత రాబ్లే సృష్టించిన తిండిపోతు రాక్షసుడి పేరు మీద వచ్చింది, ఆకలికీ విందుకూ దాన్ని మించింది లేదు. జగ్గర్నాట్ మన పూరీ జగన్నాథుడి రథమే. జంబో లండన్ జూలో ఏనుగు. 1882లో అమెరికా సర్కస్ వ్యాపారి బార్నమ్ కొనుక్కుపోయాడు. ఆ ఏనుగు పేరు ఇవాళ రొయ్యల ప్యాకెట్ల మీద బతుకుతోంది. ఏం చేస్తాం!

అసలు పనివాళ్ల దగ్గరికి, అంటే రచయితల దగ్గరికి వద్దాం. స్విఫ్ట్ 1726లో గలివర్‌ని రాక్షసుల దేశానికి పంపినప్పుడు విశేషణాలు కుమ్మరించలేదు. మనిషికి పన్నెండింతలు అని లెక్క పెట్టుకుని, ఆ లెక్క ప్రకారం పంటచేనూ ఎలకా కందిరీగా చూపించాడు. మెల్విల్ 1851 నాటి తన నవలలో తిమింగలం ఎముకల కొలతలకు ఒక అధ్యాయమే కేటాయించాడు.

ఇద్దరూ ఘనులే. అయినా నేను పోతన పక్షం, దాచుకోను. వామనుడు త్రివిక్రముడైన ఘట్టంలో ఆయన చేసినదాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. పెరుగుతున్నవాణ్ణి వదిలేసి సూర్యబింబాన్ని పట్టుకున్నాడు. మొదట అది నెత్తిన గొడుగు. తరవాత తలమానికం, చెవి కమ్మ, మెడలో నగ, భుజకీర్తి, చేతి కడియం, మొలగంట, కాలి అందె, చివరికి పాదపీఠం. సూర్యుడు ఉన్నచోటే ఉన్నాడు. ఆయన ముందునుంచి ఒక శరీరం పైకి వెళ్లిపోయింది. ‘మహా’ అని మొత్తుకోకుండా బ్రహ్మాండాన్ని కట్టడి చేసిన పనితనమిది. శ్రీనాథుడి అభిమానులు నాతో పోట్లాడొచ్చు. దీర్ఘ సమాసాల గాంభీర్యం గొప్పదే, కాదనను. ఈ పద్యం ముందు అది చప్పుడు.

పండితులదాకా ఎందుకు? 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకొచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అందులో ఎన్నో. వాళ్లు మూటగట్టుకొచ్చిన తెలుగులో దుఃఖం పుట్టెడు, ఆశ గంపెడు, అండ కొండంత, ఇల్లు లంకంత, పొద్దు బారెడు. గంపెడు దుఃఖం అని ఎవరూ అనరు, పుట్టెడు ఆశ అనీ అనరు. పుట్టి ధాన్యం కొలత, ఇరవై తూములు, ఒక్కడు మోయలేడు. గంప నెత్తినెత్తుకుని నడవచ్చు. ఏది మోయగలమో ఏది మోయలేమో చూసుకుని జతకట్టిన మాటలివి. 2004 డిసెంబరు 26న ఈ దీవుల తీరాన్ని ముంచిన సునామీని తెలుగువాళ్లు రాకాసి అలలన్నారు. పెద్ద అలలని ఎందుకనలేదో విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంత సంపద ఉండగా మన పేపర్లు చేస్తున్నదేమిటి? భారీ బడ్జెట్, భారీ విజయం, భారీ స్పందన, భారీ ఊరేగింపు, చివరికి భారీ చోరీ! సినిమా పోస్టరు మీద మెగా, దాని పక్కన మాసివ్, ఆ పక్కన మళ్లీ మెగా. టీజరు విడుదలైనా మాసివే, టీజరు తేదీ ప్రకటించినా మాసివే. పడాక్ చెట్టుకు చెందాల్సిన మాటను పదిహేను సెకన్ల వీడియోకి తగిలించాక చెట్టుకు ఏం మిగులుతుంది? పిల్లలు ఇదే నేర్చి పరీక్షలో సముద్రాన్ని మాసివ్ అని రాస్తున్నారు. వాళ్ల తప్పు లేదు. వినేది అదే, చదివేది అదే. లంకంత ఇల్లు అని రాసిన వార్తను నేను చూసి ఏళ్లయింది. దాన్ని ‘భారీ భవనం’ తినేసింది.

ఆ భారీకి ఇంకా మర్యాద దక్కుతున్న చోటు నాకు తెలిసి ఒకటుంది, వాతావరణ శాఖ. ఇరవై నాలుగు గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితేనే వాళ్ల దగ్గర భారీ వర్షం. 115.6 నుంచి అతిభారీ. 204.4 దాటితే అత్యంత భారీ. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు కురిసే అండమాన్‌లో కూడా ఒక్క మిల్లీమీటరు తగ్గితే ఆ విశేషణం ఇవ్వరు. సబ్‌ఎడిటర్ బాబులూ, మీ బల్ల మీద అలాంటి కొలపాత్ర ఒకటి పెట్టుకోండి. రేపటి పేజీలో ఎన్ని ‘భారీ’లున్నాయో లెక్కపెట్టి, బరువు లేని ప్రతిదాన్నీ కొట్టేయండి. ఆ ఖాళీలో కొండంత, లంకంత, గంపెడు, బారెడు, ఏది నప్పితే అది కూర్చోబెట్టండి. ఏదీ నప్పకపోతే విశేషణం లేకుండానే అచ్చువేయండి.